గుమ్మడికాయ మోత

గుమ్మడికాయ మళ్ళీ సముద్రంలో పడింది.

చెక్కపలక ఒక కొసను కత్తెర, రెండో కొసను కళ్ళజోడు పట్టుకుని నడుస్తున్నారు. పలక మీద కాయ. ముందు కాగడాతో బన్ను. వంతెన మలుపులో కత్తెర ఆగాడు, కళ్ళజోడు ఆగలేదు. అంతే, బుడుంగుమంది.

ఇదంతా కంప్యూటర్ ఆటలో. ఎవరింట్లో వాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, ముగ్గురూ కలిసి ఆడే ఆట. అందులో పెట్టుకున్న పేర్లే బయట కూడా స్థిరపడిపోయాయి. కత్తెరకు సెలూను ఉంది. దానికి ఎదురుగా కళ్ళజోడు కళ్ళద్దాల షాపు. కళ్ళజోడు భార్య కత్తెరకు సొంత అక్క. బన్నుకు బేకరీ ఉండేది, అదున్న భవనం పడగొట్టేదాకా.

కాయను ఒడ్డు నుంచి కొండ శిఖరానికి మోసుకెళ్ళమని ఆటలో ఎవరూ చెప్పలేదు. మోసినా పాయింట్లు రావు, బహుమతి రాదు, కనీసం చప్పట్లు కూడా వినపడవు. ఈ పంతం బన్నుది. కాయ కింద పడితే మళ్ళీ ఒడ్డు నుంచి మొదలు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, మైకులు ఆపేసి, శిఖరం చేరేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

దానికి కారణం లేకపోలేదు. బావా బావమరుదులిద్దరికీ మాటల్లేవు. కత్తెర దగ్గర కళ్ళజోడు అడిగి తీసుకున్న నిచ్చెనకు మెట్టు విరిగింది. దాని మీద మాటా మాటా పెరిగింది. ఇప్పుడు ఒకరి షాపు ముందు నుంచి ఒకరు మొహం తిప్పుకుని పోతున్నారు. బన్నుకు వాళ్ళు తప్ప వేరే స్నేహితులు లేరు. ఆ ఇద్దరూ విడిపోతే తనకింకేమీ మిగలదని అతనికి నిజంగానే భయం వేసింది.

బేకరీ పోయాక అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫోనెత్తేవాడు కాదు, తలుపు తడితే పలికేవాడు కాదు. అలాంటప్పుడు ఈ గొడవ వచ్చి నెత్తిన పడింది. న్యాయం నువ్వే చెప్పాలంటూ ఇద్దరూ విడివిడిగా వచ్చి తలుపు బాదారు. లేవక చస్తాడా?

అప్పట్నుంచీ రోజూ రాయబారమే. ముందు సెలూన్‌కి వెళ్ళేవాడు.

“ఆ మనిషి పేరు నా దగ్గర ఎత్తకు,” అనేవాడు కత్తెర. “ముందు ఆ కుర్చీలో కూర్చో. ఈ గడ్డంతో నువ్వేం చెప్పినా నేను వినను.”

“మెట్టుదేముందిరా, నేను వేయిస్తా.”

“మెట్టు పోతే పోయింది, మాటన్నాడు కదా! తల కదపకు, తెగుతుంది.”

నున్నటి గడ్డంతో ఎదురు షాపుకి వెళ్ళేసరికి భోజనాల వేళయ్యేది. షాపు పైనే వాళ్ళ కాపురం.

“పుచ్చిపోయిన నిచ్చెనిచ్చి నన్నంటాడేంటి? నా నడుం విరిగితే ఎవడు దిక్కు?” అని ఎగిరేవాడు కళ్ళజోడు.

“పోనీలేరా, నీకన్నా చిన్నవాడు.”

“ముందు మీరు భోంచెయ్యండన్నయ్యా,” అని అతని భార్య కంచం ముందు పెట్టేది. “ఖాళీ కడుపుతో పంచాయితీలు చేస్తే కళ్ళు తిరుగుతాయి.”

తినడం అయ్యేసరికి కళ్ళజోడు కాస్త మెత్తబడేవాడు. “రేపు రా, ఆలోచించి చెప్తా,” అనేవాడు. కత్తెరదీ అదే మాట. రేపు రమ్మన్నాక వెళ్ళకపోతే ఎలా? మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

ఇది మాటలతో తేలేది కాదని బన్నుకు అర్థమైంది. అందుకే మాటలు అక్కర్లేని ఈ పంతం పట్టాడు. పలక మీద కాయ నిలవాలంటే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండాలి, అడుగులు కలవాలి. తిట్టుకుందామన్నా వీలు లేదు.

అలా ఆదివారాలన్నీ ఆ మోతలోనే గడిచాయి. కాయ నదిలో పడింది, బురదలో పడింది, ఒకసారి మేక తినేసింది. ప్రతిసారీ బన్ను ఓపిగ్గా ఒడ్డుకు వచ్చి కొత్త కాయ ఎత్తి పలక మీద పెట్టాడు. వారమంతా అతనికి అదే ధ్యాస. ఆ ధ్యాసలో వీధులు తిరుగుతూ ఒక సందులో అద్దెకిచ్చే ఖాళీ కొట్టు చూశాడు. లోపలికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్యాహ్నం కూడా కాయ సముద్రంలో పడ్డాక మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి వంతెన మలుపులో ఇద్దరూ ఒక్కసారే ఆగారు, ఒక్కసారే కదిలారు. రాళ్ళ దారిలో కళ్ళజోడు జారబోతే కత్తెర తన కొస దించి కాయను కాచాడు. శిఖరం మీద ఇద్దరూ కలిసి వంగి దాన్ని రాతి మీద దించారు. ఆట మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ముగ్గురూ మైకులు ఆన్ చేశారు. ఎవరు ముందు మాట్లాడతారా అని బన్ను హెడ్‌ఫోన్లు చెవులకు నొక్కుకున్నాడు.

“బావా,” అన్నాడు కత్తెర గొంతు సవరించుకుని. “ఆ మలుపులో బాగా ఆగావు.”

“నువ్వు రాళ్ళ దగ్గర కాచుకోకపోతే ఏమయ్యేది!” అన్నాడు కళ్ళజోడు.

బన్నుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన వల్ల ఇద్దరూ కలిశారు. ఇన్నాళ్ళకు తనూ ఒక పనికొచ్చే పని చేశాననిపించింది.

“నిచ్చెన సంగతి ఇంకెత్తరుగా?”

“ఏ నిచ్చెన?” అన్నారిద్దరూ.

“అయితే నాదీ ఒక కబురుంది. చిన్న కొట్టు అద్దెకు తీసుకున్నా. రేపు పొద్దున్నే పొయ్యి వెలిగిస్తున్నా. మొదటి బన్నులు మీ ఇద్దరికీ. పక్కపక్కన కూర్చుని తింటేనే ఇస్తా.”

అవతల ఎవరో ముక్కు చీదారు.

“వస్తాంరా,” అన్నాడు కళ్ళజోడు. కత్తెర కూడా సరేనని వెళ్ళిపోయాడు.

కళ్ళజోడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు కానీ, మైకు ఆపడం మర్చిపోయినట్టున్నాడు. గది అవతలి నుంచి అతని భార్య గొంతు బన్ను చెవిలో స్పష్టంగా పడింది.

“అన్నయ్య లేచి తిరుగుతున్నాడుగా, ఇంకనైనా మీ ఇద్దరి దొంగ పోట్లాట కట్టిపెట్టండి!”