ఫ్రెంచి మాట్లాడరాదు

“ఏం మేడం, క్లాసులో ఫ్రెంచి మాట్లాడినారంట?” స్టాఫ్‌రూములో అడుగు పెడుతూనే నిలదీశాడు అజ్మతుల్లా.

పారిస్‌లో చదువుకొచ్చి, పోయిన వారమే చేరిన సుష్మ బిత్తరపోయింది. “నేను ఫ్రెంచి చెప్పడానికే కదా సార్ వచ్చింది?”

“చెప్పండి, ఎవరొద్దన్నారు? తెలుగులో చెప్పండి. పిల్లోళ్లు బెదురుకున్నారు. యాడికి ఊరి నుంచి వాళ్ల నాయనలు బస్సెక్కొచ్చి ప్రిన్సిపాల్‌తో గలాటా చేసినారు. వాళ్లు ఫ్రెంచి తీసుకునేది మార్కులకు మేడం! మళ్లా ఇట్లయితే మీ ఉద్యోగం ఉండదు.”

ఆ అనంతపురం కాలేజీలో ఫ్రెంచికి పెద్ద దిక్కు ఆయనే. కొత్తవాళ్లను దారిలో పెట్టే పనీ ఆయనదే. తాను రాసిన గైడు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ప్రశ్నలో మొదటి మాట గుర్తుపడితే చాలు, బట్టీ కొట్టిన జవాబు దింపేస్తారు. నూటికి తొంభై ఎనిమిది! నోరు తెరిచే పనే లేదు.”

సుష్మ గైడు తెరిచి మొదటి జవాబు పైకి చదివింది. మాటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పాటలా సాగిపోయాయి.

అజ్మతుల్లా వరండాలోకి తొంగిచూశాడు. ఎవరూ లేరు. మెల్లగా తలుపు మూశాడు.

“ఇంగోసారి చదవండి మేడం,” అన్నాడు గొంతు తగ్గించి. “వినేకి ఇట్లుంటాదా ఇది?”