చక్కెర లేని చాయ్

మొదటి గుక్కకే పెద్దమామ రాజారాం మొహం అదోలా పెట్టాడు.

"ఏం బిడ్డా, చక్కెరకు పేరుపడ్డ ఊరంటివి. చాయ్‌ల చక్కెరే లేదు గద!"

వ్యాన్ దిగి నిలబడ్డ చుట్టాలంతా గొల్లున నవ్వారు.

కొత్త పెళ్లికూతురు రమ్యకు మనసు చివుక్కుమంది.

కరీంనగర్ నుంచి పెళ్లికొచ్చిన అత్తింటివాళ్లు విందు తిన్న చేతులైనా ఆరకముందే వేళాకోళం మొదలుపెట్టారు. "మీ దిక్కు సూసేటందుకు ఏమున్నది, చెరుకు తోటలు తప్ప?" అన్నారు. రమ్యకు రోషం వచ్చింది. పెళ్లికి ముందు తానూ భర్త శ్రీధర్ కలిసి తిరిగిన చోట్లన్నీ చూపించి వీళ్ల నోళ్లు మూయించాలనుకుంది.

పొద్దున నిజాంసాగర్ కట్ట మీద నిలబెడితే నిండు నీళ్లను చూసి సగం నోళ్లు మూతపడ్డాయి. మిగతా సగం సంగతి బోధన్‌లో నూరుల్లా చాచా చాయ్ చూసుకుంటుందని ఆమె ధీమా.

ఈ దుకాణం ముందే శ్రీధర్ ఆమెను పెళ్లి మాట అడిగాడు. ఆమె ఇంకా తలైనా ఊపలేదు, చాచా ఇద్దరి గ్లాసుల్లో ఇంకో చెంచా చక్కెర వేసి, "నోరు తీపి చేసుకోన్రి" అన్నాడు. అంత తొందర ఆయనకు.

పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చిన రోజు కూడా ఆయనే అన్నాడు.

"మెహమాన్లను, మీ చుట్టాలందర్ని తోల్కరా బేటీ. ఒక్కరు గూడ తాగకుంట పోవద్దు. జబాన్ ఇస్తున్న."

తీరా వస్తే చాచా లేడు. పొయ్యి దగ్గర ఎవరో నలభయ్యేళ్ల మనిషి. ఎర్రబడ్డ కళ్లు, పైజామా అంచులకు తడి మట్టి. చుట్టుపక్కల ఒక్క దుకాణమూ తెరిచి లేదు.

"చాచా ఏడన్నా?" అని అడిగింది రమ్య.

"ఇయ్యాల రాలే చెల్లె."

"మేమొస్తమని ఎరుకే గద ఆయనకు?"

"ఎరుకే."

అంతే చెప్పి అందరికీ చాయ్ గ్లాసులు అందించాడు.

అత్తమ్మ గ్లాసు అరుగు మీద పెట్టేసి రమ్య చెవిలో అంది. "గా మట్టి సూడు. ఏ పొలంల కెల్లి వచ్చిండో, గట్లనే చాయ్ కాస్తున్నడు. నాకొద్దు తల్లీ."

"పోనీ, చక్కెర ఏపిద్దాం తియ్," అన్నాడు శ్రీధర్.

ఆ మాటకు పొయ్యి దగ్గరి మనిషి ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా ఉన్న డబ్బా కోసమే అటూ ఇటూ వెతికాడు. దొరికాక అది కాస్తా చేతిలోంచి జారింది. చక్కెరంతా నేలపాలైంది.

చుట్టాలు మళ్లీ నవ్వారు.

"మా కోడలు మస్తు జాగ చూపెట్టింది!" అన్నాడు రాజారాం.

రమ్య ఇక ఆగలేకపోయింది. కోపం చాచా మీద. తగిలింది మాత్రం ఈ మనిషికి.

"చాయ్ పెట్టరాకుంటె దుకాణం ఎందుకు తెరిచినవన్నా? నా ఇజ్జత్ తీసేటందుకా?"

అతను నేల మీది చక్కెరకేసి చూస్తూ నిలబడ్డాడు.

"తెర్వుమన్నడు చెల్లె," అన్నాడు మెల్లగా. "మాఫ్ చెయ్."

"చాచాకు చెప్పు, జబాన్ ఇచ్చి మంచిగ నిలబెట్టుకున్నడని!"

అతను తలెత్తి ఏదో అనబోయాడు. ఆమె మెడలోని కొత్త పుస్తెలతాడు చూసి, ఆ మాట మింగేశాడు.

గ్లాసులన్నీ నిండుగానే అరుగు మీద మిగిలాయి. చుట్టాలు వ్యాన్ ఎక్కారు. రమ్య కిటికీ పక్కన కూచుని మొహం అటు తిప్పుకుంది.

రోడ్డవతల చెరుకు రసం అమ్మే హన్మవ్వ, మూసి ఉన్న తన బండిని దాటుకుని గబగబా వచ్చింది.

"పెండ్లిపిల్లవు నువ్వేనా బిడ్డా? అందరు చాయ్ తాగిండ్రా?"

"ఏం తాగుడవ్వా! చాచా వస్తే నేను అలిగి పోయిన్నని చెప్పు."

హన్మవ్వ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఎవ్వలొస్తె బిడ్డా?"

"నూరుల్లా చాచా."

"అయ్యో! దుకాణంలున్నాయన నీకు నిజంగనే చెప్పలేదా!" హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చాచా ఇంకేడొస్తడు బిడ్డా. తెల్లారంగనే గుండె పట్టుకొని పానమిడిసిండు. బజారంత బందు పెట్టి, అందరం పోయి సాగనంపి వస్తిమి."

వ్యాన్‌లో నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

రమ్య దిగ్గున లేచింది. తలుపు ఎలా తీసిందో, ఎలా దిగిందో ఆమెకే తెలియదు. పరుగున దుకాణం దగ్గరికి వెళ్లింది.

షట్టర్ దించి ఉంది. అరుగు మీద చాయ్ గ్లాసులు అలాగే ఉన్నాయి. మనిషి లేడు.

"మరి గాయన ఎవలవ్వా?" అడిగింది రమ్య. "ఎటు పోయిండు?"

హన్మవ్వ కళ్లొత్తుకుంది.

"గాయన ఇస్రార్ బిడ్డా, చాచాకు ఒక్కడే కొడుకు. 'మెహమాన్లొస్తరు, దుకాణం బందు పెట్టకు, నా సంగతి పెండ్లిపిల్లకు చెప్పకు' అని తండ్రి ఆఖరికి చెప్పిండంట. గా మాట కోసం తండ్రికి మట్టిచ్చి ఖబ్రస్తాన్ కెల్లి సీదా గీడికొచ్చి పొయ్యి ముట్టిచ్చిండు, ఇగ ఇప్పుడు ఏడ్వనీకి ఇంటికి పోయిండు."