వెనక చక్రాలు

“ఏమే, టేపు పట్టుకొని బయటికి రా,” శౌరి వాకిట్లోంచి పిలిచాడు.

నిర్మల గుమ్మం దిగలేదు. దిగితే ఆ కారు కనపడుతుంది. కారు కనపడితే పోయిన ఆదివారం కళ్ళ ముందుకొస్తుంది.

ఆ ఆదివారం పూజ ముగిశాక, రెంటచింతల ఎండకు తాళలేక జనం చర్చి ముందున్న చలివేంద్రం చుట్టూ చేరారు. నిర్మల తమ పాత అంబాసిడర్‌ను మలుపు తిప్పబోయింది. బండి ఒక్కసారిగా కుడివైపుకు ఉరికింది. జనం పక్కకు దూకారు. చలివేంద్రం గుంజ విరిగింది, తాటాకు పందిరి ఒరిగింది, కుండలన్నీ పగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చల్లటి నీళ్ళు మాత్రం అందరి కాళ్ళ కిందికీ పారాయి.

చలివేంద్రం పెట్టించింది ధనుంజయరావు. ఆయన నిర్మలను ఒక్క మాటా అనలేదు. పక్క సీట్లో ఉన్న ఆమె భర్తతోనే అన్నాడు.

“ఒరేయ్ శౌరీ, ఆడదాని చేతికి బండిచ్చి నువ్వు పక్కన కూకుంటే ఇట్టే అయితది మరి.”

ఎవరో కిసుక్కున నవ్వారు.

శౌరి ఒకప్పుడు మాచర్లలో పేరున్న మెకానిక్. షుగర్ వల్ల ఒక కన్ను పోయింది, రెండో కంటికి మసక. ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పాక, భార్యకు తనే ఓపిగ్గా డ్రైవింగ్ నేర్పాడు. యాభై దాటిన నిర్మల లైసెన్సు తెచ్చుకున్న రోజు వీధంతా మిఠాయి పంచాడు. కంటి ఇంజక్షన్లకు ఆయన్ను నరసరావుపేట తీసుకెళ్ళేది ఆమే.

ఆ ఆదివారం ఇంటికి రాగానే ఆమె తాళంచెవి ఫ్రిజ్ మీద పడేసింది.

“అమ్మెయ్యి ఆ బండిని. నా చేతగానితనానికి నువ్వు మాట పడ్డావు,” అని ఏడ్చింది.

శౌరి ఓదార్చలేదు. “బండి ఏ పక్కకి పోయింది?” అని అడిగాడు.

“కుడి పక్కకి.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకో.”

“కుడి పక్కకేనయ్యా! ఎన్నిసార్లు చెప్పిస్తావు నాతో?”

ఆ తర్వాత ఆమె గది దాటి రాలేదు. పక్కింటి వందన పలకరించబోతే తలుపు వేసుకుంది. ఆ వారం ఇంజక్షన్‌కు శౌరి ఒక్కడే బస్సెక్కి, దారి తడుముకుంటూ వెళ్ళొచ్చాడు. అది చూసి ఆమెకు మరింత సిగ్గేసింది.

“వినపడలా? టేపు!” శౌరి మళ్ళీ కేకేశాడు.

నిర్మల తల వంచుకుని వచ్చింది. కారుకు రెండు పక్కలా ఇటుకలు పేర్చి, చక్రాల నడిమి ఎత్తులో కారు పొడవునా దారాలు బిగించి ఉన్నాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. బండిలో ఏ లోపమూ లేదని తేల్చి, తప్పంతా తనదేనని నలుగురి ముందూ చెప్పిస్తాడు కాబోలు అనుకుంది.

“వెనక చక్రాలు చూద్దాం. దారానికి, రిమ్ముకు మధ్య ఎంతుందో చూడు. ముందంచు దగ్గరా, వెనకంచు దగ్గరా ఒకటే ఉండాల. నాకు అంకెలు ఆనవు, నువ్వే చదువు.”

ఆమె ఎడమ చక్రం దగ్గర కూర్చుంది. “ముందు అరవై రెండు మిల్లీమీటర్లు. వెనక...” ఆగింది. “డెబ్భై.”

“మళ్ళీ చూడు.”

మళ్ళీ చూసింది. అదే. లేచి కుడి చక్రం దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ముందు డెబ్భై, వెనక అరవై రెండు.

శౌరి కారు కింద చెయ్యి పెట్టి తడిమాడు. “బోల్టులు వదులయినయ్. ఎడమ పక్క ఇరుసు వెనక్కి జరిగింది. వెనక చక్రాలు ఎడమకి నెడితే బండి మూతి కుడికి పోద్ది. నేను తోలినా అంతే.”

నిర్మల టేపు చుట్టేసి అతని పక్కకొచ్చి కూర్చుంది. “అయితే... నేను కాదా?”

“నువ్వు కాదే.”

శౌరి ధనుంజయరావుకు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆయన వచ్చి, టేపు తీసుకుని తనే కొలిచాడు. రెండోసారి కూడా కొలిచాడు. తర్వాత నిర్మల మొహంలోకి చూడలేకపోయాడు.

“చానా పెద్ద మాటన్నానమ్మా. ఏమనుకోమాక.”

శౌరి ఇరుసు సరిచేసి బోల్టులు బిగించాడు. నిర్మల మళ్ళీ కొలిచింది. నాలుగు చోట్లా ఒకటే అంకె. ఆ సాయంత్రం ఆమె తాళంచెవి అడిగి తీసుకుని, బండిని ఊరి చివరిదాకా తోలుకొచ్చింది.

మరుసటి ఆదివారం చర్చి ముందు అదే మలుపు. బండి వేలెడు కూడా పక్కకు పోలేదు. కొత్త కుండల దగ్గర నిలబడ్డ ధనుంజయరావు చెయ్యెత్తాడు. నిర్మల హారన్ కొట్టి నవ్వింది.

శౌరి మాత్రం తలెత్తలేదు. ఈస్టర్‌కు తప్ప ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయని మనిషి, పూజ ఇంకా మొదలుకాకముందే వెళ్ళి ఫాదర్ ముందు మోకరించాడు.

“ఫాదర్, ఆ రోజు మా బండి బాగానే ఉంది, ఆ తర్వాత బోల్టులు వదులు చేసి ఇరుసును జరిపింది నేనే.”