నిచ్చెన మీది బేరం

“దిగుతావా లేదా?” క్లెమ్ నిచ్చెనను రెండు చేతులా వాటేసుకుని కేకపెట్టాడు.

“నువ్వు కారెక్కుతావా లేదా?” పైనుంచి అడిగింది అతని భార్య డెల్మా. ఇంటికప్పు అంచున, వాననీళ్లు పారే రేకుగాడిలో పేరుకున్న యూకలిప్టస్ ఆకుల్ని గుప్పెడు తీసి సరిగ్గా అతని బట్టతల మీద పడేసింది. “ఆ నర్సు దగ్గరికి వస్తానని ఒట్టేస్తే దిగుతాను. లేదంటే కప్పెక్కి కూచుని పక్కింటివాళ్లకి చెయ్యూపుతాను.”

“నర్సులకి చెప్పుకోడానికి నాకేం పిచ్చా? గుండె భేషుగ్గా ఉందని డాక్టరు చెప్పాడుగా!”

“గుండె భేషుగ్గానే ఉంది. మనిషే బాగాలేడు.” డెల్మా ఇంకో మెట్టు పైకెక్కింది.

“ఒట్టు! ఒట్టంటున్నానుగా! ముందు దిగు!”

ఆమె దిగింది. క్లెమ్ మాత్రం నిచ్చెన వదల్లేదు. చెమటలు కక్కుతూ అలాగే బిగుసుకుపోయాడు. అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, చెయ్యి పట్టుకుని కారుదాకా నడిపించుకు పోవలసి వచ్చింది.

బతుకంతా దక్షిణ సముద్రంలో ట్యూనా చేపల పడవ నడిపిన మనిషి. మేడంత అల మీదికొస్తుంటే ఈల వేసినవాడు. గుండెపోటు వచ్చిన దగ్గర్నుంచీ పడవ మొహం చూడలేదు. అంబులెన్సు కూత ఎక్కడో వినపడితే చాలు, గరాజులో దూరి తలుపేసుకుంటున్నాడు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, ఊపిరి ఆడుతోందో లేదోనని చీకట్లో చెవి రిక్కిస్తున్నాడు. ఇంట్లో ఉప్పూ వెన్నా సాసేజీలూ అన్నీ చెత్తబుట్ట పాలు చేశాడు. ఇదేం తిండని డెల్మా పోట్లాడితే, ఉడికించిన క్యారెట్టు ఇంకోటి వడ్డించాడు.

“నెమ్మదిగా పోనీ” అన్నాడు, రేవు పక్కరోడ్డు మీద కారు మలుపు తిరుగుతుంటే.

“ఇంతకన్నా నెమ్మదిగా పోతే పెలికాన్ పక్షులు నడుచుకుంటూనే మనల్ని దాటేస్తాయి.”

బంతులాట క్లబ్బు వెనక ఉన్న హాల్లో గుండెపోటు వచ్చి కోలుకుంటున్నవాళ్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. ఒక మూల వ్యాయామం సైకిలు. ఇంకో మూల టీ, కొబ్బరికోరు అద్దిన కేకులు. నర్సు మేలే టోంగా దీవులమ్మాయి. నవ్విందంటే హాలంతా నవ్వుతుంది.

“ఫోన్లో ఇద్దరం వస్తామన్నది మీరేగా? రండి రండి!” అంది.

“దా గురూ” అంటూ పక్క కుర్చీ లాగాడు వాలీ, గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసి మానేసిన ముసలాయన. “ఇక్కడ భయపడనివాడికి టీ పొయ్యరు.”

అందరూ నవ్వారు. క్లెమ్ నవ్వలేదు.

“మింగింది చాలు క్లెమ్ గారూ, కక్కేయండి” అంది మేలే. “ఆ రోజు ఏమైంది?”

క్లెమ్ తన బూట్లకేసి చూసుకున్నాడు. “ఏముంది... పెరట్లో పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్నాయి. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాం. ఉన్నట్టుండి గడ్డి మీద...” ఆగాడు. “ఛాతీ మీద నొక్కుతుంటే పక్కటెముక పటుక్కుమంది. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోంచి పోలేదమ్మా. ఎవరింట్లో ఉల్లిపాయ వేగినా కిటికీలన్నీ మూసేస్తాను. ఇంతేనా, అయిపోయిందా అనిపించింది. రోజూ అదే అనిపిస్తోంది.”

అంత భారీ మనిషీ మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. డెల్మా కిటికీ వైపు తిరిగి ముక్కు ఎగబీల్చింది.

వాలీ జేబురుమాలు తీసి అతని ఒళ్లో పడేశాడు. “నేనైతే ఏడాదిపాటు తలుపు గడియ పెట్టుకుని స్నానం చెయ్యలేదు గురూ. లోపల పడిపోతే ఎవరొస్తారని భయం. బార్లా తీసే ఉంచేవాణ్ణి.”

“మరి ఇంటికి చుట్టాలొస్తే?” అడిగాడు క్లెమ్.

“మా అత్తగారు ఒక్కసారే వచ్చింది. మళ్లీ రాలేదు.”

క్లెమ్‌కు ముందు దగ్గొచ్చింది. అది కాస్తా నవ్వయింది. కళ్లలో నీళ్లతోనే నవ్వాడు, పొట్ట పట్టుకుని, కుర్చీ కిర్రుమనేలా. ఇన్నాళ్లూ చెవులదాకా బిగుసుకున్న భుజాలు కిందికి జారాయి.

“ఇది పిచ్చి కాదు క్లెమ్ గారూ” అంది మేలే మెల్లగా. “అంత పెద్ద దెబ్బ చూసిన మనసు ఇంకా ఆ పెరట్లోనే నిలబడి ఉంది. దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొద్దాం. వారం వారం వస్తారా?”

“వస్తాను” అన్నాడు క్లెమ్. ఈసారి ఎవరూ నిచ్చెనెక్కలేదు.

“అయితే ఇవాళ్టికి కాసేపు సైకిలు తొక్కుదురుగాని.” మేలే తీగల కట్ట పట్టుకుని అతని ఎదుట వంగింది. “చొక్కా గుండీలు విప్పండి. ఇవి ఛాతీకి అంటిస్తే గుండె ఎలా కొట్టుకుంటోందో ఆ తెర మీద కనిపిస్తుంది.”

క్లెమ్ చొక్కా గుప్పిట పట్టుకుని వెర్రిచూపు చూశాడు.

మూలనుంచి కిర్రుకిర్రుమని చప్పుడు వినిపించింది. అందరూ తిరిగి చూశారు. చెప్పులు అవతల విడిచేసి, డెల్మా అప్పటికే సైకిలెక్కి పెడళ్ల మీద కాళ్లు పెట్టింది.

“అటు కాదు తల్లీ, ఆ తీగలు ఇటు పట్రా” అంది పై గుండీ విప్పుకుంటూ. “గుండెపోటు వచ్చింది నాకు.”