దుప్పటి కప్పిన లైటు

పదకొండూ పది. కారు మళ్ళీ ఆగింది. ఈసారి పాకింది రెండు గజాలు కూడా లేదు.

అతను స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేశాడు. అద్దం సర్దాడు. సర్దిన అద్దాన్నే మళ్ళీ సర్దాడు. జేబులో లైసెన్సు ఉందో లేదో నాలుగోసారి తడిమి చూసుకున్నాడు. ఉంది.

రోడ్డుకి పట్టనంత పెద్ద లోడు కదిలితే ముందొకటి, వెనకొకటి కాపలా కారు ఉండాలి. ఆ కారు నడపడానికి వేరే లైసెన్సు. రెండుసార్లు తప్పి, నలభై ఏడో ఏట సంపాదించాడు. ఏడు నెలలుగా ఫ్యాక్టరీ పిలిచే డ్రైవర్ల జాబితాలో చివరి పేరు అతనిదే. ఈ ఉదయమే మొదటి పిలుపు.

ఫోను మోగింది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు.

"ఎక్కడయ్యా?"

"దగ్గరికొచ్చేశాను సార్. ట్రాఫిక్..."

"అదంతా నాకెందుకు? వెనక కారువాడి లైసెన్సు నిన్నటితో అయిపోయిందట. ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరే పట్టుకున్నాడు. ఇంకొకడు వచ్చేదాకా బండి అంగుళం కూడా కదపొద్దని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పన్నెండు దాటితే పర్మిట్ పోతుంది. అది పోతే జాబితాలో నీ పేరూ పోతుంది."

ఫోనులో హారన్ల మోత. ఇక్కడివో అక్కడివో తెలియలేదు.

పక్కన పాల వ్యాను. దాని డ్రైవరు దిగి వచ్చి, అడక్కుండానే కిటికీలోంచి చల్లటి నీళ్ళ సీసా అందించాడు.

"తాగన్నా. మొహం మాడిపోయింది. నెత్తిన ఆ మూటేంటి?"

కారు పైన పసుపు లైటు, హెచ్చరిక బోర్డు. రెంటినీ కలిపి పాత దుప్పటి కప్పి కట్టాడతను.

"నా ఉద్యోగం. ఇవాళే మొదటిరోజు."

"మొదటిరోజే లేటా? నేను నా పెళ్ళికే లేటుగా వెళ్ళా. మా ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది."

ఈసారి ఫోను భార్య. పరీక్ష ప్రశ్నలన్నీ కూరలు తరుగుతూ అతనిచేత అప్పజెప్పించిన మనిషి.

"ఆ దుప్పటి తీసేసి లైటు వెయ్యండి. అందరూ దారిస్తారు."

"పద్దెనిమిదో ప్రశ్న."

ఈసారి ఆమే అప్పజెప్పింది. "లోడు వెంట లేనప్పుడు లైటు వెలగరాదు, బోర్డు కనబడరాదు."

"కనబడితే?"

"లైసెన్సు రద్దు." నిట్టూర్చింది. "సరే, కంగారుపడకండి" అంది, కంగారుగా.

పదకొండూ నలభై. దిగాడు. ఎక్కాడు. మళ్ళీ దిగి, మునివేళ్ళ మీద నిలబడి చూశాడు. బస్సుల వీపులు తప్ప ఏమీ కనబడలేదు.

"ఎవడో మహానుభావుడు రోడ్డు మధ్యలో బండి ఆపేసుంటాడు" అన్నాడు వ్యాను డ్రైవరు. "పాలు విరిగితే మా ఓనరు నన్ను విరిచేస్తాడు."

"ఇలాంటివాళ్ళకి లైసెన్సులు ఎవరిస్తారో" అన్నాడతను, పళ్ళు నూరుతూ.

చెయ్యి దుప్పటి అంచు మీదికి పోయింది. వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది. ఏడు నెలలు. ముడి విప్పబోయినవాడు దాన్ని ఇంకాస్త బిగించాడు.

పన్నెండుకి ఎనిమిది నిమిషాలు. ముందునుంచి ఒక బైకు వెనక్కి తిరిగి, బండ్ల సందుల్లోంచి దూరుకుంటూ వస్తోంది. వ్యాను డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందేమైంది తమ్ముడూ?"

బైకతను హెల్మెట్ అద్దం పైకెత్తి చెప్పాడు. "ఫ్యాక్టరీ గేట్లోంచి రైలంత బండి సగం బయటికొచ్చి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయిందన్నా, వెనక కాపలా కారువాడెవడో లైసెన్సు పట్టుకుని వస్తేగానీ అంగుళం కూడా కదపరట."