మారుగొంతు

ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా, వాళ్లకు బదులు ఫోన్‌లోని యంత్రం, వాళ్ల మారుగొంతే పలికేది. అచ్చం ఆ మనిషిలాగే మాట్లాడి, విన్న సంగతులన్నీ సాయంత్రానికి ఆ మనిషికి క్లుప్తంగా రాసి పంపేది.

అనకాపల్లిలో బట్టలు కుట్టే భ్రమరాంబ, విశాఖలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలు హైమవతికి రోజూ ఫోన్ చేసేది. హైమవతి తనంతట తాను ఒక్కసారీ చేయలేదు. పలికేది మారుగొంతని తెలిసినా, ఏదో ఒక రోజు హైమవతే మాట్లాడకపోతుందా అని భ్రమరాంబ ఆశ.

ఒకరోజు భ్రమరాంబ పనిమీద విశాఖ వెళ్తే, అక్కడి రైతుబజారులో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఎన్నాళ్లయిందే నిన్ను చూసి. అన్నయ్య బాగున్నారా?" అంది హైమవతి వంకాయలు ఏరుకుంటూ.

భ్రమరాంబకు ఒళ్లు మండిపోయింది.

"ఆయన పోయి ఆరు నెలలైంది. ఆ రోజు నీ గొంతు నాతోపాటు ఏడ్చింది కూడా."

హైమవతి చేతిలోని వంకాయ కింద పెట్టేసింది. "అది పంపేవన్నీ చదవడం కుదరట్లేదే. క్షమించు."

"క్షమించను."

భ్రమరాంబ ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి బజారు మెట్ల మీద కూర్చోబెట్టింది. హైమవతి ఫోన్ మోగితే, లాక్కుని తన కూరల సంచిలో పడేసింది.

"ఆయనకి జ్వరం తగిలిన రోజు నుంచి చెప్తాను. మధ్యలో లేచావంటే ఊరుకోను. ఈసారి నువ్వే ఏడవాలి."