ఎనిమిదో పేరు

ఊరి యుద్ధ స్మారక స్తంభం మీద ఏడు పేర్లు చెక్కి, రాతిపనివాడు ఎనిమిదో పేరుకు బొగ్గుతో గీతలు గీశాడు. అది అతని కొడుకు పేరు.

ప్రెసిడెంటు గారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"తొందరెందుకు బాబాయ్? కనబడటం లేదనే కదా పటాలం వాళ్లు ఉత్తరంలో రాశారు. రేపో మాపో వస్తాడేమో!"

"రాడు బాబూ. చెక్కనివ్వు."

"ఏడు పేర్లకే కదా రాయి కొలిపించాం?"

"అడుగున చోటుంది. అక్షరాలు చిన్నవి చేస్తాలే."

ప్రెసిడెంటు గారు కళ్లు తుడుచుకుని పక్కకు తప్పుకున్నారు. ఎన్ని వానలకైనా అరిగిపోకుండా ఆ తండ్రి లోతుగా చెక్కాడు.

ఇంటికెళ్లి, తలుపు గడియ వేసి, అటకకు నిచ్చెన ఆనించాడు.

"చెక్కేశానురా. ఇక పటాలం వాళ్లు నీ కోసం రారు. దిగొచ్చి అన్నం తిను."